నల్లకోటు

జెజూ రేవు దగ్గర, ఇమిగ్రేషన్ ఆఫీసు మెట్లు దిగితే
ఎడమచేతి వైపు మూడో కొట్టు నాది.
బోర్డు మీద నా పేరుండదు.
"ఫోటో, పది నిమిషాలు" అని ఉంటుంది.
లోపల ఒక తెల్లగుడ్డ, ఒక ఎత్తుపీట,
మేకుకి ఒక నల్లకోటు.

కోటు మా ఆయనది. పెళ్ళికి కుట్టించుకున్నాడు,
ఏడాది తిరక్కుండా ఒళ్ళొచ్చింది.
ఇప్పుడది దేశదేశాల వాళ్ళది.
లావుపాటి వాళ్ళకి భుజాల మీద కప్పుతాను,
బక్కవాళ్ళకి వీపున బట్టల క్లిప్పులు పెడతాను.
కెమెరా వీపు చూడదు కదా.

ఇరవైరెండేళ్ళ పని ఇది.
గుమ్మంలో మనిషి చెప్పులు విప్పే తీరు చూసి
ఏ అక్షరమో చెప్పేస్తాను.
ఉప్పు పేరుకున్న రబ్బరు బూట్లయితే ఈ-పది, పడవ పని.
గోళ్ళ సందున నారింజ తొక్క పసుపుంటే ఈ-ఎనిమిది,
కాయ కోతకొచ్చి కాయతోపాటే వెళ్ళిపోయేవాళ్ళు.
ఫ్యాక్టరీ వాళ్ళది ఈ-తొమ్మిది.
ఫోటోలో చేతులు పడవని ఎన్నిసార్లు చెప్పినా
ముందు చేతులే దాచుకుంటారు.
చెప్పులు విప్పకుండా వచ్చేవాళ్ళు
ఎఫ్ గానీ డి గానీ అయ్యుంటారు.
కొండవాలున ఇల్లు కొన్నవాళ్ళు, కంపెనీ పెట్టినవాళ్ళు.
వాళ్ళ డబ్బు ముందే వచ్చి కుర్చీ వేసుక్కూర్చుంటుంది,
మనిషి తీరిగ్గా దిగుతాడు.

కొలత మాత్రం అందరికీ ఒకటే.
మూడున్నర సెంటీమీటర్లు, నాలుగున్నర.
నవ్వకూడదు.

తర్సోనోది తెగల్, జావా సముద్రపుటొడ్డు.
ఇక్కడ రాత్రంతా దీపాల పడవ మీద
సావడ చేపలు పడతాడు.
ఆ చేపకి పొలుసుండదు, వెండిపొడి ఉంటుంది.
తాకితే అంటుకుంటుంది, తోమినా వదలదు.
కోటు తొడుక్కుని, విప్పి, మేకుకి తగిలించి,
"ఇమో" అని, అంటే పిన్నీ అని, దణ్ణంపెట్టి వెళ్ళాడు.

మర్నాడు షెన్‌యాంగ్ నుంచి షావ్ గుయ్‌లాన్ గారు.
తెల్లటి బొచ్చుకోటు.
తెల్లగుడ్డ ముందు కూర్చుంటే
తల ఒక్కటే గాలిలో తేలింది.
ఇది పనికిరాదండీ అని నల్లకోటు ఇచ్చాను.
మొహం చిట్లించుకునే తొడుక్కుంది.
ముంజేతి దగ్గర మెరుపు చూసి, వేలితో రాసి,
"వెండి జరీనా?" అంది.
అవునన్నాను. మా ఊరి జరీ.
రెండిళ్ళు కొంటోందట, ఒకటి చూడకుండానే.

మా అమ్మ ఒకప్పుడు ఒసాకా పోయింది,
బొగ్గుపడవ అడుగున, అమావాస్య చూసుకుని.
ఆవిడకి ఏ అక్షరమూ లేదు.
ఏ గుడ్డ ముందూ కూర్చోలేదు.
ఆ మొహం మూడున్నర సెంటీమీటర్లలో
పట్టేదో లేదో నాకిప్పటికీ తెలీదు.

తర్సోనోకి నాలుగేళ్ళ పది నెలలు నిండాయి.
ఐదేళ్ళుంటే మనిషికి వేరు దిగుతుందని
ఎవరో లెక్క కట్టినట్టున్నారు,
రెండు నెలల ముందే పీకేస్తారు.
ఆఖరి రోజు వచ్చి కోటు అడిగాడు.
ఫోటో ఎందుకురా ఇప్పుడన్నాను.
జేబులోంచి నల్ల బొత్తం తీశాడు.
రెండో ఫోటో నాడు ఊడిందట,
చెబితే డబ్బడుగుతానని భయపడ్డాట్ట.
వలలు అల్లే సూది, ఆకుపచ్చ నైలాను దారం.
ఎత్తుపీట మీద కూర్చుని వలముడి వేసి కుట్టాడు,
పళ్ళతో కొరికాడు.
ఊరికే ఒక ఫోటో తీస్తానన్నాను, నవ్వొచ్చన్నాను.
అలవాటు తప్పినట్టుంది,
కెమెరా చూడగానే మొహం బిగిసిపోయింది.

ఇవాళ పొద్దున కంబోడియా పిల్ల, చన్‌రస్మీ.
కోటులో మునిగిపోయింది. ఏడు క్లిప్పులు పట్టాయి.
బొత్తం పెడుతుంటే వేలికి ఆకుపచ్చ దారం తగిలింది.
కోటు చిరిగితే చిరగాలి గానీ
అది ఊడదు.

గడ్డం కొంచెం ఎత్తమ్మా, అన్నాను.